పదిహేనో సంతకం

"మీదొక్కటే తక్కువ మేడమ్, పదిహేనో సంతకం!" అన్నాడు మునిసిపాలిటీ ఇంజినీరు.

మా కాలనీకి కళ తెస్తానని పొద్దుటినుంచీ ఆయన నొక్కని కాలింగ్ బెల్ లేదు. లోపల టీవీలు మోగుతూనే ఉన్నా ఒక్కరూ తలుపు తీయలేదు. చివరికి చెట్టు కింద ఉన్న ఇస్త్రీ బండి దగ్గర నిలబడితే గంటలో పద్నాలుగు సంతకాలు పడ్డాయి. బట్టల కోసం వచ్చినవాళ్ళందరి చేతా ఇస్త్రీ తాతే పెట్టించాడు.

"ఇంతకీ ఏం కడతారు?"

"నలుగురూ కలుసుకోవడానికి ఈ చెట్టు కింద బెంచీలు వేస్తాం. బండి తీయించేస్తాం."

తాత చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "పెట్టమ్మా, నాదేముంది," అన్నాడు మెల్లగా.

"పెడతాలే తాతా. ఇంజినీరు గారూ, ఈ పద్నాలుగు మందీ మీకెక్కడ కలిశారు?"

ఆయన కాగితం వంక చూశాడు, బండి వంక చూశాడు, చెవి గోక్కున్నాడు.

"తాతా, కాస్త పక్కకి జరుగుతావా?"

"ఎంత బాబూ?"

"ఒక్క బెంచీ పట్టేంత."