నలభై ఏడో నంబరు

కమిటీ పదకొండింటికి వస్తుందన్నారు. పదకొండు కొట్టేసరికి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి పడింది మాత్రం కమిటీ కాదు, ఒక యువకుడు. తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. మాట పెగలనంతగా రొప్పుతున్నాడు.

“సార్! కింద...”

“ఇంగ్లీషులో,” అన్నారు పాజ్ సార్.

ఆయన అసలు పేరు పిల్లలెవరికీ గుర్తు లేదు. ఏ వాక్యమైనా సగం చెప్పి, మూడు సెకన్లు ఆగి, గదంతా ఒకసారి కలయజూసి, అప్పుడు మిగతా సగం చెబుతారు. అందుకని పాజ్ సార్ అయ్యారు. ఆ కాలేజీలో అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ కమ్యూనికేషన్ ఆయన సబ్జెక్టు. ఆయన ల్యాబ్‌లో మాతృభాష ముక్క ఒక్కటి దొర్లినా ఐదు మార్కులు కోత.

ఆ రోజు మార్కులు పడబోయేది ఆయనకే. తనిఖీ కమిటీ వస్తుంది, ఎవరో ఒక విద్యార్థి చేత రెండు నిమిషాలు మాట్లాడిస్తుంది. నచ్చితే సార్ ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే ఇంటికే. ఆరేళ్ళుగా ఆయన టెంపరరీ. బావమరిది ఎప్పుడొచ్చినా “ఏం బావగారూ, ఇంకా టెంపరరీయేనా?” అని అడిగాకే కాఫీ అందుకుంటాడు. ఈసారి వాడి నోరు మూయించకపోతే ఊరుకునేది లేదని సార్ భార్య పొద్దున్నే తెగేసి చెప్పింది.

చిక్కల్లా ఏమిటంటే, క్లాసులో నోరు విప్పే ప్రాణి లేదు. మూడు బ్రాంచీల వాళ్ళను కలిపి కూర్చోబెట్టిన అరవై మంది. ఒకరి మొహం ఒకరికే సరిగ్గా తెలియదు. వాళ్ళలో నలభై ఏడో నంబరు వాడైతే సెమిస్టర్ మొత్తం ఆయనకు మొహమే చూపించలేదు.

“నువ్వు నలభై ఏడేగా?”

“కాదు సార్, నేను...”

“‘కాదు’తో మాట మొదలుపెట్టకూడదు. నెగెటివ్. బయటికెళ్ళి, లోపలికి రావచ్చా అని అడిగి రా. నవ్వుతూ.”

క్లాసంతా హమ్మయ్య అనుకుంది. గండం ఇంకొకడి నెత్తిన పడింది.

అతను రెండుసార్లు బయటికెళ్ళి, రెండుసార్లు నవ్వుతూ వచ్చాడు. మూడోసారి అటునుంచి అటే ఉడాయించబోతే సార్ పరుగెత్తుకెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చారు.

“సార్, మీకు దణ్ణం పెడతాను. చాలా అర్జెంటు.”

“ఎంత అర్జెంటైతే అంత నిదానంగా చెప్పాలి. అడ్వాన్స్‌డ్ అంటే అదే.”

“నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం సార్. ముందు విషయం మామూలుగా చెప్పేసి...”

“విషయానిదేముందయ్యా? అది ఎవడి దగ్గరైనా ఉంటుంది. తీరు ముఖ్యం. ముందు తీరు, చివర్న విషయం.”

ఇక పాఠం మొదలైంది. చెమటకు స్టేజీ భయమని పేరు పెట్టి తన చేతిరుమాలు ఇచ్చారు. రొప్పు తగ్గేదాకా అంకెలు లెక్కపెట్టించారు. నలుపుకుంటున్న చేతుల్ని విడదీసి చెరో పక్కన నిలబెట్టారు. గుడ్ మార్నింగ్ ఒక్కటే పదకొండు రకాలుగా పలికించారు. అతని చూపు మాటిమాటికీ తలుపు వైపు పోతుంటే, గడ్డం పట్టుకుని తిప్పి మొదటి బెంచీ అమ్మాయి మొహం మీద ఆనించారు. ఆ పిల్ల భయంతో గట్టిగా కళ్ళు మూసుకుంది.

పదకొండున్నర అయింది. కమిటీ జాడ లేదు.

“పెద్దవాళ్ళు ఎప్పుడు టైముకు ఏడిచారు కనక!” అనుకుని సార్ లోలోపల మురిసిపోయారు. ఇంకో పావుగంట ఇలాగే కలిసొస్తే చాలు, నలభై ఏడును సానబట్టి కమిటీ ముందు నిలబెట్టేయొచ్చు.

చిత్రమేమిటంటే, అతనిలో మార్పు వచ్చేసింది. నేర్చుకుంటే తప్ప ఈ గదిలోంచి బయటపడేది లేదని తెలిసొచ్చిందో ఏమో, ఏడుపు మొహం పోయి పట్టుదల వచ్చింది. వెన్ను నిటారుగా నిలబెట్టాడు. బీరువాలోంచి డిక్షనరీ అడిగి తీసుకుని రెండు మాటలు వెతుక్కున్నాడు. కొన్న నాటి నుంచి ఆ డిక్షనరీ తెరిచిన మొదటి మనిషి అతనే. తర్వాత గోడ వైపు తిరిగి, పెదాలు కదుపుతూ ఏదో కూర్చుకున్నాడు.

సార్‌కు కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళలో ఆయన పాఠం ఎవరికైనా ఎక్కడం ఇదే మొదలు.

పన్నెండుకు ఐదు నిమిషాలుంది. కమిటీ వస్తూ వస్తూ వరండాలోంచే వినాలని సార్ తలుపులు రెండూ బార్లా తెరిచారు.

“ఊఁ, ఇప్పుడు చెప్పు నాయనా, విషయం.”

అతను ముందుకొచ్చాడు. తలెత్తాడు. గదంతా కలయజూసి మూడు సెకన్లు ఆగాడు. ఆ ఆగిన తీరు చూసి సార్‌కు పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చేసినంత పనైంది.

అప్పుడు చిరునవ్వు చెరగకుండా, తడబాటు లేని ఇంగ్లీషులో, అతను ఇలా అన్నాడు:

“గుడ్ మార్నింగ్ సర్, నేను తనిఖీ కమిటీ వారి కారు డ్రైవర్ని, వారు ముగ్గురూ గంట నుంచి మీ కాలేజీ లిఫ్టులో ఇరుక్కుపోయి ఉన్నారు గనుక తమరు దయచేసి ఎవరినైనా వెంటనే పంపవలసిందిగా మనవి, థాంక్యూ.”