రుజువు లేని ఇల్లు

"ఎవల దిక్కు వాదించినవే?" అని అడిగింది మల్లక్క, మనుమరాలు గెలిచి తెచ్చిన కప్పును ముట్టకుండానే.

"గని తవ్వే సర్కారు దిక్కు, అవ్వా. చీటీల మా జట్టుకు అదే వచ్చింది," అంది హర్షిణి. దేశదేశాల లా విద్యార్థులు నమూనా కోర్టులో మానవ హక్కుల మీద వాదించుకునే మూట్ కోర్టు పోటీ అది. గోదావరిఖనిలో బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చింది.

"ఏమన్నవ్?"

"బ్లాస్టింగ్‌తోనే ఊళ్లె ఇండ్లు నెర్రెలు బాసినయ్ అనేటానికి రుజువు లేదన్న. జడ్జీలు మస్తు మెచ్చుకున్నరు."

మల్లక్క గోడ వైపు చూసింది. నేల నుంచి దూలం దాకా పాకిన నెర్రెలో ఆమె కుక్కిన పాత చీర పేలికలు వేలాడుతున్నాయి.

"థూ! గా మాటకు కప్పు గూడ ఇచ్చిన్రా?"

"అది ఉత్తుత్తి ఊరవ్వా! పోటీ కోసం కల్పించిన్రు."

అంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు ముందు మోగే సైరన్ కూసింది. చిన్ననాటి అలవాటు. హర్షిణి చెప్పులైనా వేసుకోకుండా, కప్పును గుండెకు హత్తుకుని వాకిట్లోకి ఉరికింది. వాడకట్టంతా అప్పటికే ఇళ్ల బయట నిలబడి ఉంది.

మల్లక్క నిదానంగా గడప దాటి వచ్చి, మనుమరాలిని ఎగాదిగా చూసింది.

"రుజువు లేదంటివి గదనే. మరెందుకు ఉరికినవ్? పో, లోపల కూసో."