హెల్మెట్ లెక్కపెట్టిన దెబ్బలు

"ఈ వారం తలకు పదకొండు దెబ్బలు. బరిలోకి వీల్లేదు" అని హెల్మెట్ ప్రకటించగానే గేటు మూసుకుపోయింది. ఫైనల్‌కి ఐదు నిమిషాలే ఉంది.

హైమావతి అదిరిపడింది. యాభై ఏళ్లకు బాక్సింగ్ మొదలుపెట్టాక ఆమె షుగర్ దిగింది, మోకాళ్ల నొప్పి పోయింది. ప్రమాదమల్లా తలకు తగిలే దెబ్బలే. అందుకే విశాఖలో ప్రతి హెల్మెట్టూ దెబ్బలు లెక్కపెడుతుంది. వారానికి పది దాటితే ఆట బంద్.

"నాకు ఒక్కటీ తగల్లేదండీ!"

"మరి ఇంట్లో ఎవరైనా..." అంటూ రిఫరీ ఆమె భర్త వైపు చూశాడు.

"నేనా? ఆవిడ ముందు నేనెంతండీ!" అన్నాడు పరంధామయ్య.

హైమావతి హెల్మెట్ తీసి వాసన చూసింది. మామిడి జీడి! లోపల ఒక పొడవాటి తెల్లవెంట్రుక. గ్యాలరీలో అత్తగారు కొంగు చాటున ముఖం దాచుకుంది.

"అత్తయ్యా! ఆవకాయకి కాయలు కోసింది ఇది పెట్టుకునేనా?"

"మరి కాయలు నెత్తిన పడితే నా బుర్ర పగిలిపోదేటే?"

రిఫరీ నవ్వు ఆపుకున్నాడు. "రికార్డులో రాయాలి, కొట్టిందెవరో పేరు చెప్పండి మామ్మగారూ. ఆ దెబ్బలు లెక్కలోంచి కొట్టేసి గేటు తీస్తాను."

ముసలావిడ లేచి నిలబడి గట్టిగా చెప్పింది.

"ఇంకెవరు బాబూ, మా పెరట్లో మామిడిచెట్టు!"