అమ్మ గుప్పెట్లో ఉప్పు

విజయవాడ కబడ్డీ జట్లలో ఆడే విదేశీ కుర్రాళ్లకు అమ్మలను అద్దెకిచ్చేది నేనే. మరమనుషులే అయినా చేతులు వెచ్చగా ఉంటాయి. ఇంటి మీద బెంగపెట్టుకున్న ఆటగాడు ఎందుకూ పనికిరాడు. అమ్మను పెడితే నెలలో కుదురుకుంటాడు.

కెన్యా కుర్రాడు ఒటియెనో మూడు వారాల్లోనే కుదురుకున్నాడు. అమ్మ అతనికి రాగిసంకటి తినిపించింది, తెలుగు నేర్పింది. ప్రతి ఆటకు ముందు గుప్పెట్లో ఉప్పు పట్టి అతని చుట్టూ తిప్పి, అవతలి జట్టు వాళ్లను పేరుపేరునా తలుచుకుని దిష్టి తీసేది.

పోయిన వారం అతని మోకాలు చితికిపోయింది. ఈ ఉదయం అతని బదులు వచ్చిన ఇరాన్ కుర్రాడు బెహ్రూజ్‌ను ఒటియెనో ఉంటున్న ఇంటికి తీసుకెళ్లాను.

"అమ్మను మాత్రం తీసుకుపోమాకన్నా," అన్నాడు ఒటియెనో, గుమ్మంలో చంకకర్ర మీద వాలి. అచ్చం మన కృష్ణా జిల్లా యాస.

"విన్నావా, ఎంత బాగా నేర్పిందో!" అన్నాను బెహ్రూజ్‌తో.

అమ్మ మెడ వెనక మీట నొక్కి కొడుకు పేరు మార్చాను. ఆమె బెహ్రూజ్‌ను పీట మీద కూర్చోబెట్టి, ఉప్పు తీసుకుంది.

"అమ్మా, నేనే," అన్నాడు ఒటియెనో.

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, బెహ్రూజ్ చుట్టూ చెయ్యి తిప్పింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, గుమ్మంలో కుంటోడి దిష్టి, అన్నీ పోవాల. థూ అను నాన్నా."