బోణీ బేరం

"ఇయాల నీ బోణీ వద్దు. పో."

జగన్నాథరావు ఉప్పు ప్యాకెట్టును మళ్ళీ అరలో పెట్టేశాడు.

కొట్టు ముందున్న ముసలాయన కదల్లేదు. పేరేమిటో తెలీదు. కొండ మీది ఏదో ఊరు. రెండు నెలలుగా షట్టరు తీసేసరికి అక్కడుంటాడు. ఉప్పో, అగ్గిపెట్టో కొంటాడు.

"ఇయ్యి సావుకారూ. బేగి ఇయ్యి."

"నిన్న నీ చేత్తోనే బోణీ అయింది. సాయంత్రం దాకా ఈగలు తోలుకున్నాను. ఇయాల సంత. మంచి చెయ్యి పడాల."

"నేనే కొంటాను."

"ముంచింగిపుట్టులో ఇంకో కొట్టే లేదేటి? పోయెహె."

బోణీ కానిదే జగన్నాథరావు ముద్ద ముట్టడు. తండ్రి నేర్పిన పద్ధతి. ఇన్సులిన్ సూది మాత్రం ఏడింటికల్లా పొడుచుకుంటాడు. అది డాక్టరు నేర్పిన పద్ధతి.

వాన పట్టుకుంది. సంతకు జనం దిగలేదు.

తొమ్మిదిన్నరకు అతను గల్లాపెట్టె మీదికి ఒరిగిపోయాడు.

వెనక ఇంట్లోంచి భార్య నాగలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఆమెను గుర్తుపట్టడంలేదు.

"ఏవండీ, ఇటు చూడండి. ఏవండీ."

ఏదో గొణిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

పక్క కొట్టు దేవీప్రసాద్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"క్లినిక్కి సెప్పాను వదినా, జయశ్రీ సిస్టరు వత్తంది. అంబులెన్సే ఘాట్లో ఆగిపోయిందంట, సెట్టు పడి. గంటన్నర."

"గంటన్నరా? అప్పటికి మనిషి మిగుల్తాడా?"

పోయిన నెల సుగరు ఐదు వందలు దాటినప్పుడూ ఇలాగే పడిపోయాడు. ఆ రోజు సూదే కాపాడింది. నాగలక్ష్మి ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తెచ్చి సిరంజిలోకి లాగింది. భర్త చొక్కా పైకెత్తింది.

తడి చెయ్యి ఒకటి సిరంజిని లాగేసుకుంది.

ఆ ముసలాయనే. ఇంతసేపూ ఎదుటి అరుగు మీదే ఉన్నాడు.

"సూది వద్దు తల్లీ. బెల్లం ఎట్టు."

"సుగరు మనిషికి బెల్లమా? సంపేత్తావేటి? ఇలా ఇయ్యి."

అతను సిరంజిని కింద పడేసి తొక్కేశాడు.

నాగలక్ష్మి గోళ్ళతో రక్కింది. దేవీప్రసాద్ మెడ పట్టుకుని చెంప మీద కొట్టాడు. ముసలాయన తప్పించుకోలేదు. అప్పటికే బెల్లం దిమ్మ నుంచి పెచ్చు ఊడదీశాడు. దాన్ని వేళ్ళతో నలిపి జగన్నాథరావు బుగ్గ లోపల రాస్తూనే ఉన్నాడు.

రెండో దెబ్బకు పెదవి చిట్లింది. దేవీప్రసాద్ అతన్ని ఈడ్చి వీధిలో పడేశాడు.

జయశ్రీ గొడుగైనా లేకుండా వచ్చింది. జగన్నాథరావు వేలు పొడిచి చూసింది. నలభై నాలుగు.

"సుగరు పడిపోయిందమ్మా, పెరగలేదు. బెల్లం ఎవరు పెట్టారు?"

దేవీప్రసాద్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంకో సూది పడి ఉంటే నేనొచ్చి చేసేదేమీ ఉండేది కాదు."

గ్లూకోజు ఎక్కిన పావుగంటకు జగన్నాథరావు భార్యను పేరు పెట్టి పిలిచాడు. నాగలక్ష్మి వీధిలోకి పరుగెత్తింది.

వీధి ఖాళీగా ఉంది.

మూడో రోజు జగన్నాథరావు గోడ పట్టుకుని క్లినిక్ మెట్లెక్కాడు.

"ఆ ముసలాయన ఎవరు సిస్టర్? ఆ రోజు నుంచి రాలేదు."

"సుక్రు. రెండు నెలల కిందట, బోణీ లేకపోయినా తినండి మహాప్రభో అని మిమ్మల్ని తిట్టాను, గుర్తుందా? ఆ రోజు పక్క బెంచీ మీద ఉన్నాడు. 'సావుకారు నీ మాట వినడు సిస్టరమ్మా, ఆ బోణీ ఏదో నేనే చేసేత్తాను' అన్నాడు."

జగన్నాథరావు ఆ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏ ఊరు? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"సంత నాడు సాయంత్రమే ఒడిశా బస్సెక్కేశాడు. ఎక్కడికో చెప్పలేదు. పెదవికి కుట్టేస్తుంటే నవ్వుతున్నాడు. 'ఈసారి ఆపగలిగాను' అన్నాడు."

"ఈసారేటి?"

జయశ్రీ తల దించుకుంది.

"పోయినేడు ఆయన భార్య ఇలాగే చెమటలు పట్టి పడిపోతే, సుగరు పెరిగిందనుకుని రెండో సూది పొడిచింది సుక్రేనండీ."