సుక్కి వేలిముద్ర

"సర్పంచ్ గారితోని మాట్లాడాలె సార్."

"మాట్లాడు. నేనే గదా!" అన్నాడు జగపతి, కుర్చీలోంచి కదలకుండానే.

ఆ అమ్మాయి గోడ మీది బోర్డు చదివింది.

"సర్పంచ్ సునంద అని ఉన్నది సార్."

వంటింటి గుమ్మంలో సునంద ఆగిపోయింది. గెలిచినప్పటి నుంచి ఆ ఇంటికి ఆమెను అడుగుతూ ఎవరూ రాలేదు.

"ఏ పార్టీ తోలింది నిన్ను?"

"ఎవరూ తోలలే సార్. హైదరాబాద్ల పబ్లిక్ పాలసీ ఎం.ఏ. చదువుతున్న. గూడూరు మండలాఫీసుల రెండు నెలలు ఇంటర్న్‌ని. గ్రామసభలు ఎట్ల నడుస్తున్నయో రాస్తున్న."

"జీతం గూడ లేని నౌకరన్నట్టు!" నవ్వాడు జగపతి.

అమ్మాయి నవ్వలేదు. రిజిస్టర్ జిరాక్సు తీసి సునంద వైపు తిప్పింది.

"మేడం, తండా వాగు మీద కల్వర్టు పూర్తయిందని జనవరి గ్రామసభల తీర్మానం రాసిన్రు. కింద మీ సంతకమున్నది."

సంతకం తనదే. రిజిస్టర్ ఇంటికే వస్తుంది. పొయ్యి మీద చారు మరుగుతుంటే, మొగుడు జగపతి వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడుతుంది. డిగ్రీ చదివింది గానీ, పైన ఏం రాశారో ఏనాడూ చదవలేదు.

"సభ జరిగిందా మేడం?"

జగపతి గొంతు సవరించుకున్నాడు.

"జరిగింది," అంది సునంద.

"తండా నుంచి సుక్కి అనే ఆమె వేలిముద్ర వేసింది. వచ్చిందా?"

"వచ్చింది. నా పక్కనే కూసున్నది."

అమ్మాయి కలం ఆగింది.

"ఎట్లున్నది?"

"ఎట్లుంటది? మంచిగనే ఉన్నది."

అమ్మాయి నోట్‌బుక్కు మూసి చెప్పులేసుకుంది.

ఆమె గేటు దాటకముందే జగపతి ఆఫీసుకు ఫోన్ కలిపాడు. "ఎవల్ని తోలిన్రు సార్ మా ఇంటికి? రేపటి సంది ఆ పిల్ల గీడ కనబడొద్దు!"

సాయంత్రానికల్లా ఇంటర్న్‌షిప్ రద్దయింది.

సునందను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. వచ్చిందా అని అడిగితే సరే. ఎట్లున్నది అని అడుగుడేంది?

మూడో రోజు ఒక్కతే తండా దారి పట్టింది.

వాగు మీద కల్వర్టు లేదు. ఒక్క సిమెంటు పైపైనా లేదు. చీర ఎత్తిపట్టి మోకాలి లోతు నీళ్లలో దిగింది. సగం వాగు దాకా మొగుడి మీద మండింది. మిగతా సగం తన సంతకం మీద.

గట్టు మీద ముసలి సేవ్యా మేకలు కాస్తున్నాడు.

"తాతా, సుక్కి ఇల్లేది? కల్వర్టు లేదని నేనే రాసిస్త. ఆ సభ గూడ అబద్ధమని రాసిస్త."

"సుక్కి ఏడున్నదమ్మా? నిరుడు వానలల్ల కడుపునొప్పి లేస్తే దవాఖానకని మంచం మీద మోసుకొచ్చినం. వాగు దాటనియ్యలే. నువ్వు నిలబడ్డ కాడనే పాణం పోయింది."

సునంద ఆ తడి మట్టి మీది నుంచి పక్కకు జరిగింది.

"ఒక్కతే బిడ్డ ఆమెకు, పట్నంల పెద్ద సదువు సదువుతది," అన్నాడు సేవ్యా. "మొన్న బస్సెక్కుతూ ‘మా అమ్మ మంచిగనే ఉన్నదట తాతా’ అని ఏడ్సుకుంట పోయింది."