పొట్ట కొలిచిన పోగు

"ఊపిరి బిగబట్టకండి. పొట్ట వదిలేసి నిలబడండి," అంటూ రాఘవమ్మ మొగుడి పొట్ట చుట్టూ నూలుపోగు తిప్పింది.

లివరు జబ్బుతో ఉబ్బిన ఆ పొట్టని ప్రతి సోమవారం కొలవమన్నాడు బెజవాడ డాక్టరు. నేతగాడి ఇంట్లో టేపెందుకని, మొదటి వారమే చుట్టుకొలతకి సరిగ్గా ఒక పోగు తెంచి దాచుకున్నారు.

"చూశారా! పోగు జానెడు మిగిలింది. అంతా డాక్టరుగారిచ్చిన ఈస్టు పొడి మహిమ!"

అంకమ్మరావు ఆ పోగుని వేళ్ల మధ్య నలిపాడు.

"మనం తెంచింది అరవయ్యో నంబరు నూలు. ఇది ఎనభయ్యో నంబరు. నూలు రేషనుకిచ్చే ఈ కంట్రోలు రోజుల్లో ఇంత సన్న నూలు ఎక్కడ దొరికిందే నీకు?"

రాఘవమ్మ తల దించుకుంది.

"పక్కింట్లో అడిగి తెచ్చానండీ. తగ్గలేదని తెలిస్తే మీరు మగ్గం వదిలి మంచం ఎక్కుతారని భయమేసి, పొడుగు పోగు పెట్టాను. అయినా నెల్లాళ్లు రెండు పూటలా తింటున్నారు, ఆ పొడి పనిచెయ్యదేం?"

"తింటే కదా! ఆ కంపు భరించలేక పడుగుకి పెట్టే గంజిలో కలిపేస్తున్నా."

రాఘవమ్మ మగ్గం వైపు చూసింది. పడుగు నిగనిగలాడుతోంది.

"అదా సంగతి! జబ్బు మీకు, బలం చీరలకీనా?" అని నవ్వబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నెల్లాళ్లుగా ఆ భయం ఆమె ఒక్కతే మోసిందని అంకమ్మరావుకి అప్పుడు తట్టింది.

"పాత పోగు తీసి కొలువు. పొడి గంజిలోనే కలుపు," అన్నాడు ముక్కు మూసుకుంటూ. "ఈసారి తాగేది నేను."